రఫ్డ్ గ్రౌజ్ వేట: ముందు చెట్టు వయసు, తర్వాతే తుపాకీ

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల ఉత్తర అడవుల్లో సెప్టెంబరు సగానికొచ్చిందంటే గ్రౌజ్ వేట మొదలవుతుంది. పిట్ట పెద్దదేం కాదు. అర కిలో నుంచి ముప్పావు కిలో లోపు తూగుతుంది, మన నాటుకోడి పెట్టలో సగం ఉంటుందేమో. రాలిన ఆకుల రంగులో కలిసిపోయి నేల మీద నక్కి ఉంటుంది. మీరు పక్కనుంచి నడిచిపోతున్నా కదలదు. మీరు ఆగారా, బుర్రుమని లేచి రెండు సెకన్లలో కొమ్మల వెనక మాయమవుతుంది. కొత్తవాళ్ళు "తుపాకీ ఏది కొనాలి" అని అడుగుతారు, పాతవాళ్ళు "అక్కడ చెట్లెంత లావున్నాయి" అని అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు తెలియకపోతే మొదటి ప్రశ్నతో పనే పడదు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇండియాలో కౌజు, పూరేడు, అడవికోడి లాంటి అడవి పిట్టల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇక్కడ చెప్పేదంతా అమెరికా ఉత్తరాదిన లైసెన్సుతో, సీజనులో, లెక్కకు లోబడి జరిగే వేట గురించి.

పిట్టను గుర్తుపట్టడం

రఫ్డ్ గ్రౌజ్ రెండు రంగుల్లో కనిపిస్తుంది: బూడిద రంగు, ఇటుక ఛాయ ఉన్న గోధుమ రంగు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ బూడిద రంగువి ఎక్కువ. తల మీద చిన్న కుచ్చు, మెడకు రెండు వైపులా నల్లటి ఈకల గుత్తి ఉంటాయి. తోక విప్పితే విసనకర్రలా పరుచుకుంటుంది, చివరికి కాస్త ముందు ముదురు రంగు పట్టీ కనిపిస్తుంది. ఎగిరేటప్పుడు ముందు కంటపడేది ఈ తోకే.

చేతికొచ్చాక పుంజో పెట్టో తెలుసుకోవాలంటే నడుము మీది ఈకలు చూడండి. తోక మొదట్లో ఉన్న ఆ ఈకల చివర ఒక్క తెల్లచుక్క ఉంటే, లేక చుక్కే లేకపోతే, ఎక్కువగా పెట్ట. రెండు మూడు చుక్కలుంటే పుంజు. తోక పట్టీ మధ్య ఈకల్లో తెగిపోయినట్టుంటే పెట్ట అనీ, తెగకుండా ఉంటే పుంజు అనీ చాలామంది చెబుతారు. అది కొన్నిసార్లు తప్పుతుంది, చుక్కల లెక్కే నయం. రెక్కలో అన్నిటికన్నా బయటి రెండు పెద్ద ఈకల కొసలు కోసుగా ఉంటే ఆ ఏడు పుట్టిన పిల్ల, గుండ్రంగా ఉంటే ముదురు పిట్ట. సీజను మొదట్లో మీ సంచిలో పిల్లలు ఎక్కువగా ఉంటే ఆ వేసవిలో పొదుగుడు బాగా సాగిందని అర్థం.

ఈ పిట్ట సంఖ్య ఉత్తరాదిన దాదాపు పదేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంటుంది. తగ్గిన ఏడు అదే దారిలో అదే నడక నడిచినా సగం కూడా లేవవు. తప్పు మీదని అనుకుని మంచి చోటు వదిలేయకండి.

అడవిని చదవడం

వేట అంతా ఇక్కడే ఉంది, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాం.

ఆస్పెన్ అనే చెట్టును ముందు గుర్తుపట్టాలి. అక్కడివాళ్ళు పాపుల్ అంటారు. బెరడు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఆకు గుండ్రంగా, తొడిమ పలకగా ఉంటుంది కాబట్టి చిరుగాలికే మన రావి ఆకులా గలగలలాడుతుంది. ఈ చెట్టును నరికేస్తే చావదు, వేళ్ళ నుంచి వేల కొద్దీ పిలకలు లేస్తాయి. ఆ పిలకలు పెరిగే తీరే గ్రౌజ్ బతుకు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం తరఫున క్లోకే అటవీ కేంద్రంలో గోర్డన్ గులియన్ దశాబ్దాల పాటు చూసి తేల్చిన సంగతి కూడా ఇదే: వేర్వేరు వయసుల ఆస్పెన్ పక్కపక్కనే దొరికిన చోట ఈ పిట్ట నిలుస్తుంది.

ఎందుకంటే ఒక్కో వయసుకు ఒక్కో పని. నరికిన మొదటి నాలుగైదేళ్ళు పిలకలు మరీ దట్టం, పిల్లలతో ఉన్న పెట్టకు పురుగులు దొరికే చోటు. ఆరేడేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా కాండాలు బొటనవేలి లావు నుంచి ముంజేతి లావు దాకా ఉంటాయి. పైన ఆకు కప్పు ఉంటుంది, కింద నేల తెరిపిగా ఉంటుంది. డేగలు, గద్దలు ఆ కాండాల మధ్య దూరలేవు, పిట్ట మాత్రం నడుచుకుంటూ పోగలదు. శరదృతువులో మీరు వెతకాల్సింది ఇదే. ఇంకా ముదిరిన పెద్ద చెట్ల మొగ్గలు చలికాలం మేత. మగ ఆస్పెన్ పూమొగ్గలు దొరికితే పిట్ట సాయంత్రం చెట్టెక్కి పావుగంట, ఇరవై నిమిషాల్లో మేత తిత్తి నింపుకుని దిగిపోతుంది.

పొలం దున్నినట్టు ఒకే వయసు ఆస్పెన్ వందల ఎకరాల్లో ఉందనుకోండి, నడుమ నడిచి లాభం లేదు. పిట్ట అంచుల్లో ఉంటుంది. ముంజేతి లావు ఆస్పెన్ వచ్చి ఆల్డర్ పొదల తడి నేలను తాకే చోట, లేదా ఫర్, స్ప్రూస్ లాంటి సూదాకు చెట్ల గుంపు మొదలయ్యే చోట నడవండి. మూడు రకాల చెట్లు ఒకచోట కలిసే మూల దొరికితే అక్కడ నిమిషం ఆగాల్సిందే.

తిండి సంగతి. సెప్టెంబరులో క్లోవర్ ఆకు, అడవి స్ట్రాబెరీ ఆకు, పురుగులు, పుట్టగొడుగులు. కలప లారీల కోసం వేసి వదిలేసిన దారుల మీద అటవీ శాఖవాళ్ళు క్లోవర్ చల్లుతారు, అందుకే ఆ దారుల పక్కన పిట్టలు తిరుగుతాయి. అక్టోబరులో పళ్ళు: ఎర్రటి కాడల మీద తెల్ల కాయలు కాసే గ్రే డాగ్‌వుడ్, పొడవాటి ముళ్ళున్న హాథోర్న్, అడవి ద్రాక్ష, హైబుష్ క్రాన్‌బెరీ. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిపోయినవాళ్ళు నాటిన ఆపిల్ చెట్టు అడవిలో ఒంటరిగా కనిపిస్తే దాని చుట్టూ తప్పకుండా తిరగండి. నవంబరు నుంచి హేజెల్ కంకులు, మొగ్గలు.

ఏం తింటున్నాయో ఊహించనక్కర్లేదు. పడిన మొదటి పిట్ట మెడ కింద మేత తిత్తిని వేలితో చీల్చి చూడండి. క్లోవర్ ఉంటే దారుల పక్కన, తెల్ల కాయలుంటే డాగ్‌వుడ్ పొదల్లో, మొగ్గలుంటే పెద్ద చెట్ల కింద, మిగతా రోజంతా అక్కడే నడవండి. ఇంత తేలికైన పని చేయకుండా నేరుగా సంచిలో వేసుకునేవాళ్ళే ఎక్కువ.

ఇంటి దగ్గరే చేసే పని

పటం దగ్గర గడిపే రెండు గంటలు అడవిలో రెండు రోజులతో సమానం. ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలు వెనక్కి తిప్పి చూపే వసతి ఉన్న సాఫ్ట్‌వేర్ తెరవండి. ఎనిమిదేళ్ళ నుంచి పాతికేళ్ళ కిందట బోడిగా నరికినట్టు కనిపించి, ఇప్పుడు మెత్తటి తివాచీలా పచ్చగా కనిపించే ముక్కలకు గుర్తు పెట్టుకోండి. ఆన్‌ఎక్స్ హంట్ లాంటి యాప్‌లో ప్రభుత్వ భూమి హద్దులు కనిపిస్తాయి. మిషిగన్ ప్రభుత్వం మి-హంట్ అనే పటాన్ని ఉచితంగా ఇస్తోంది. ఆ రాష్ట్రంలోనే జెమ్స్ అనే పేరుతో గ్రౌజ్ కోసమే వరసగా కోతలు వేసి, నడక దారులు తీసిన చోట్లు ఉన్నాయి. మొదటి ఏడాది వాటితో మొదలుపెట్టడం మంచిది. మిన్నెసోటాలో చిప్పెవా, సుపీరియర్ జాతీయ అడవులు, గ్రాండ్ రాపిడ్స్, బెమిడ్జీ ఊళ్ళ చుట్టూ రాష్ట్ర అడవులు, కౌంటీ అడవులు. విస్కాన్సిన్‌లో షెవామెగన్-నికొలే జాతీయ అడవి, దానికి తోడు కౌంటీ అడవులు. అక్కడి పార్క్ ఫాల్స్ అనే చిన్న ఊరు తనను తాను ప్రపంచ రఫ్డ్ గ్రౌజ్ రాజధాని అని చెప్పుకుంటుంది. మిషిగన్‌లో అప్పర్ పెనిన్సులా అంతా.

ఒక రోజుకు ఒక్క చోటు కాదు, నాలుగైదు ముక్కలు ఎంచుకోండి. ఒకదాంట్లో గంట నడిచినా ఏదీ లేవకపోతే రెండోదానికి వెళ్ళండి. గేటు దగ్గర అప్పటికే ఒక ట్రక్కు ఆగి ఉంటే లోపలికి దూరకండి, అది అక్కడి మర్యాద. పటాన్ని ఫోన్‌లో ముందే దించుకోండి, లోపల సిగ్నల్ ఉండదు. కారు నిలిపిన చోటును గుర్తు పెట్టి, అయస్కాంత దిక్సూచి ఒకటి విడిగా జేబులో వేసుకోండి. ఆస్పెన్ గుంజల్లో దిక్కు తప్పడం చాలా తేలిక, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది.

కాగితాలు, ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్ళకు

హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద అమెరికాలో అడుగుపెట్టినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మన పనికొచ్చేది ఒకటి: అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు చేతిలో ఉండటం. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందకే వస్తుంది, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకోవడమూ అంతే. కాబట్టి వరస ఇదీ: ముందు వేటగాళ్ళ భద్రతా శిక్షణ, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. శిక్షణలో ఫీల్డ్ రోజున తుపాకీ చేత్తో పట్టుకోవాల్సి వస్తుంది కనుక వీసా సంగతి నిర్వాహకులకు ముందే చెప్పి, వాళ్ళ దారి ఏమిటో కనుక్కోండి.

ఎక్కువమంది ఇరుక్కునే చోటు లైసెన్సు గడువు. మిన్నెసోటా లైసెన్సు ఫిబ్రవరి చివరి రోజుతో, మిషిగన్‌ది మార్చి 31తో ముగుస్తుంది. తుపాకీ మాత్రం ఏడాది పొడుగునా ఇంట్లోనే ఉంటుంది. సీజను లేదు కదా అని లైసెన్సు కొత్తది తీసుకోకపోతే, బీరువాలో ఉన్న తుపాకీయే నేరమైపోతుంది. సీజనుతో పని లేకుండా పాత లైసెన్సు ముగిసేలోపే కొత్తది కొనండి. తుపాకీ కొనేటప్పుడు దుకాణంలో నింపే 4473 ఫారంలో ఐ-94 నంబరు అడుగుతారు, దాని ప్రతి దగ్గర ఉంచుకోండి. సందేహమేదైనా ఉంటే ఇమిగ్రేషన్ లాయరునే అడగాలి, వేట స్నేహితులను కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు.

శిక్షణ ఎవరికి తప్పనిసరి అన్నది పుట్టిన ఏడును బట్టి ఉంటుంది. మిన్నెసోటాలో 1979 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్ళకు, విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న లేదా తర్వాత పుట్టినవాళ్ళకు, మిషిగన్‌లో 1960 జనవరి 1న లేదా తర్వాత పుట్టినవాళ్ళకు. లైసెన్సు మిన్నెసోటాలో, విస్కాన్సిన్‌లో స్మాల్ గేమ్ పేరుతో, మిషిగన్‌లో బేస్ లైసెన్సు పేరుతో దొరుకుతుంది. ఉత్తర అడవుల్లో రోజుకు ఐదు గ్రౌజ్‌లు పరిమితి. మిషిగన్ దక్షిణ భాగంలో మూడే. మిషిగన్ సీజను సెప్టెంబరు 15 నుంచి నవంబరు 14 దాకా, మళ్ళీ డిసెంబరు 1 నుంచి జనవరి 1 దాకా. నడుమ రెండు వారాల ఖాళీ జింకల రైఫిల్ సీజను కోసం. మిన్నెసోటాలో ఆ ఖాళీ లేదు, కానీ నవంబరు మొదటి భాగంలో రైఫిళ్ళు తిరిగే రోజుల్లో అడవికి వెళ్ళకపోవడమే తెలివి. నిబంధనలు ఏటా మారవచ్చు కనుక ఆ ఏటి పుస్తకం రాష్ట్ర సహజ వనరుల శాఖ సైటు నుంచి దించుకుని చదవండి.

తుపాకీ, తూటా, బట్టలు

తుపాకీ తేలికగా ఉండాలి. రోజంతా చేతుల్లో మోసేది, కాల్చేది నాలుగైదు సార్లు. 20 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె చిన్నదైతే గొట్టం లావు), మూడు కిలోల లోపు బరువు, 26 అంగుళాల గొట్టం చాలు. 12 గేజ్ ఉంటే అదీ పనికొస్తుంది, బరువు మాత్రం సాయంత్రానికి తెలుస్తుంది. చోక్, అంటే గొట్టం కొసన ఉండే బిగింపు, వదులుగా ఉండాలి: స్కీట్ లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్. ఎక్కువ కాల్పులు 25 గజాల లోపే. బిగుతు చోక్ పెడితే ఆ దూరంలో గుళ్ళన్నీ ముద్దగా వెళ్ళి, పిట్టకు తగలకుండా పోతాయి. తగిలితే మాంసం మిగలదు.

తూటా: సీజను మొదట్లో 8 లేదా 7½ నంబరు గుళ్ళు, 20 గేజ్‌లో ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతులు, 12లో ఒక ఔన్సు. నవంబరు తర్వాత పిట్ట దూరంగా లేస్తుంది కాబట్టి 7½ లేదా 6. కొన్ని ప్రభుత్వ భూముల్లో సీసం గుళ్ళు నిషిద్ధం, అక్కడ 6 లేదా 7 నంబరు స్టీలు వాడండి.

నారింజ రంగు మెరిసే టోపీ, వెస్టు. మిన్నెసోటాలో, మిషిగన్‌లో చట్టమే అడుగుతుంది, చట్టం లేని చోటైనా వేసుకోవాల్సిందే. కళ్ళకు అద్దాలు లేకుండా ఆస్పెన్లోకి దిగకండి, కొమ్మ చెళ్ళున కంటికి తగలడం అక్కడ రోజూ జరిగేదే. ముళ్ళు దిగని ముందు పూత ఉన్న ప్యాంటు, నీళ్ళు పట్టని బూట్లు. ప్యాంటు కింది అంచుల మీద పర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టండి. లైమ్ జ్వరం తెచ్చే జింక పిడుదులు మంచు పడేదాకా ఉంటాయి. ఇంటికొచ్చాక మోకాలి వెనక, నడుము దగ్గర, చెవుల వెనక తడిమి చూసుకోండి.

నడక

వేగంగా నడిచేవాళ్ళు పిట్టలను దాటిపోతారు. గ్రౌజ్‌కు కదులుతున్న అలికిడి అంటే భయం తక్కువ, ఆగిన అలికిడి అంటేనే దడ. తనను చూసేశారనుకుంటుంది. అందుకే ఇరవై, ముప్పై అడుగులు వేయడం, ఆగడం, పది పదిహేను సెకన్లు కదలకుండా ఉండటం, మళ్ళీ నడవడం. ఎక్కడ పడితే అక్కడ ఆగకండి. చుట్టూ కాస్త తెరిపి ఉన్న చోట, ఎడమ కాలు ముందు పెట్టి ఆగండి. ఎడమచేతి వాటం వాళ్ళకు కుడి కాలు. పొద మధ్యలో ఆగితే పిట్ట లేచినప్పుడు తుపాకీ తిరగదు. ఆగి మళ్ళీ మొదటి అడుగు వేసేటప్పుడు చాలా పిట్టలు లేస్తాయి, ఆ క్షణం ఏమరకండి.

ఉదయం మంచుతడి ఆరాక తొమ్మిది పదింటికి మొదలుపెట్టడం మేలు, తడిలో పిట్ట కదలదు. రెండో మంచి సమయం మధ్యాహ్నం మూడు నుంచి పొద్దు వాలేదాకా. అప్పుడు మేతకు, కందనకాయలో మేత నలగడానికి కావలసిన చిన్న రాళ్ళకు కంకర దారుల మీదికి వస్తాయి. గాలి గట్టిగా వీచే రోజు ఏ అలికిడీ వినిపించక పిట్ట భయంతో దూరంగానే లేచిపోతుంది. ఆ రోజు గాలి తగలని పల్లాల్లో, సూదాకు చెట్ల చాటున వెతకండి. సీజను మొదట్లో ఆకులు దట్టం, సగం పిట్టలు వినిపిస్తాయే తప్ప కనిపించవు. ఆకు రాలిన అక్టోబరు నడుమ నుంచి నవంబరు మొదలు దాకా అసలు సమయం.

లేచిన పిట్ట పోయిందనుకోకండి. ఎక్కువసార్లు వంద, రెండు వందల గజాల లోపే దిగుతుంది, చివర్లో ఒక పక్కకు వంపు తిరిగి మరీ. పోయిన దిక్కు చూసుకుని, కాసేపాగి, ఆ గీత మీదే నడిచి, రెండు పక్కలా ముప్పై గజాలు వెతకండి. రెండోసారి లేచిన పిట్ట మొదటిసారి కన్నా దగ్గర్లో లేవచ్చు. మూడోసారి వదిలేయండి.

కుక్క లేకుండా గంటకు ఒకటి రెండు లేపగలిగితే అది మంచి రోజే. సెటర్, బ్రిటనీ లాంటి పాయింటర్లు వాసన పట్టి నిలబడతాయి, స్ప్రింగర్, లాబ్రడార్ పొదలోకి దూరి లేపుతాయి. కుక్కతో వెళ్ళేటప్పుడు తోడుగా చిన్న పట్టకారు జేబులో ఉంచుకోండి. ముళ్ళపంది ముళ్ళు దిగితే వాటి కొసలు కత్తిరించకుండా, మొదట్లో పట్టి నేరుగా లాగాలి. నోట్లోవి వదిలేసి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ఉత్తరాదిన బోనులు, ఉచ్చులు కూడా ఉంటాయి, వాటిని తెరవడం వేటకు ముందే నేర్చుకోవాలి.

కాల్పు

చెవికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. రెక్కల చప్పుడు వినగానే కళ్ళు పిట్టను వెతకాలి, చేతులు కళ్ళను అనుసరించాలి. తుపాకీ ముక్కు పైకి, రెండు చేతుల్లో ఛాతీకి అడ్డంగా పట్టుకుని నడవండి. స్టాక్ (తుపాకీ వెనక భాగం) చెంపకు తగిలేటప్పటికి సేఫ్టీ తీయడం, అంతకు ముందు కాదు. గురి చూడకండి. గొట్టం వంక చూస్తే చెయ్యి ఆగుతుంది, ఆగిన చేత్తో కాలిస్తే గుళ్ళు పిట్ట వెనక పోతాయి. పిట్ట మీదుగా గొట్టాన్ని దాటించి, ఊపు ఆపకుండా ట్రిగ్గర్ నొక్కండి. తల ఎత్తి చూస్తే గుండు పైనుంచి పోతుంది. నడుమ కొన్ని ఆకులు, సన్నకొమ్మలు ఉన్నాయని ఆగకండి, గుళ్ళు వాటిని దాటుతాయి. ఖాళీ దొరికేదాకా ఆగితే పిట్ట ఉండదు. వేసవిలో మట్టి పలకలను గాల్లోకి విసిరి కాల్చే స్కీట్ రేంజ్‌లో తుపాకీ దించి పట్టుకుని, పలక ఎగిరాకే భుజానికెత్తే సాధన చేస్తే ఇదంతా చేతికి పడుతుంది. మొదటి ఏడాది పది సార్లు కాల్చి ఒకటో రెండో పడితే సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళినప్పుడు ఒకే వరసలో, ముప్పై గజాల ఎడంలో నడవాలి. ఎవరి ముందున్న వాటా వాళ్ళది. పిట్ట లేవగానే "పిట్ట" అని గట్టిగా అరవండి. వరస దాటి వెనక్కి వచ్చిన పిట్టను వదిలేయాలి. తల కన్నా కిందుగా ఎగిరే దాన్నీ వదిలేయాలి, అటు పక్క మనిషో కుక్కో ఉంటారు. చప్పుడు విని కాల్చడం ఎప్పుడూ లేదు. దుంగ దాటేటప్పుడు, కంచె దాటేటప్పుడు తూటాలు బయటికి తీయండి. కార్లో తుపాకీ ఖాళీగా, సంచిలో ఉండాలి. దారి మీద నిలబడిన పిట్టను కారులోంచి కాల్చడం చట్టవిరుద్ధం. మిషిగన్‌లో ఇళ్ళకు 450 అడుగుల లోపల, యజమాని అనుమతి లేకుండా కాల్చకూడదు.

పిట్ట పడినచోటు నుంచి కన్ను తిప్పకండి. ఆ పక్కనున్న చెట్టు మొదలో, తెల్ల బెరడో గుర్తు పెట్టుకుని, మీరు కాల్చిన చోట టోపీ వేలాడదీసి, నేరుగా నడవండి. ఈకలు కనిపించిన చోటు నుంచి చుట్టూ వలయాలుగా వెతకాలి. రెక్క మాత్రమే విరిగిన పిట్ట పరుగెత్తి దుంగ కిందో, కొమ్మల కుప్పలోనో దూరుతుంది. అరగంట వెతకకుండా రెండో పిట్ట కోసం వెళ్ళకండి.

అదే అడవిలో మిగతా పిట్టలు

వుడ్‌కాక్ ఆల్డర్ తడి నేలల్లో, వానపాములు దొరికే చోట ఉంటుంది. పొడవాటి ముక్కు, రెట్ట నేల మీద సున్నం చిమ్మినట్టుంటుంది. ఇది వలస పిట్ట కనుక ఫెడరల్ నిబంధనలు: రోజుకు మూడు, తుపాకీలో ఒకేసారి మూడు తూటాలకు మించకూడదు, హెచ్ఐపీ (వలస పిట్టల వేట లెక్క కోసం పెట్టిన) నమోదు తప్పనిసరి. ఇంటికి తెచ్చేదాకా తల గానీ ఒక రెక్క గానీ ఈకలతో పిట్టకు ఉంచాలి.

స్ప్రూస్ గ్రౌజ్ దగ్గర జాగ్రత్త. సూదాకు చెట్ల బురద అడవుల్లో ఉంటుంది, మనిషిని చూసి కూడా కదలదు. తోక నల్లగా, కొసన తుప్పు రంగు పట్టీతో ఉంటుంది. మిన్నెసోటాలో వేటాడవచ్చు. విస్కాన్సిన్, మిషిగన్‌లలో రక్షిత పిట్ట, కాలిస్తే జరిమానా. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టను చూసి సంబరపడకండి, అది స్ప్రూస్ గ్రౌజే కావచ్చు. ఆ రెండు రాష్ట్రాల్లో ఎగిరి తోక కనిపించేదాకా ట్రిగ్గర్ జోలికి పోకండి.

చలికాలం

మెత్తటి మంచు పాతిక సెంటీమీటర్లు దాటి పడితే గ్రౌజ్ నేరుగా ఎగిరి మంచులో దూరి అక్కడే నిద్రపోతుంది. శీతాకాలం వచ్చేసరికి కాలివేళ్ళ పక్కన దువ్వెన పళ్ళలాంటి పొలుసులు పెరుగుతాయి, మంచు మీద నడవడానికి. ఆ రోజుల్లో తెరిపి చోట్ల చిన్న గుంటలు, చుట్టూ రెక్కల అచ్చులు కనిపిస్తే దగ్గరే ఉన్నట్టు. అడుగు కిందే మంచు పగిలి పిట్ట లేస్తుంది. మంచు గట్టిపడితే లోపలికి దూరలేక సూదాకు చెట్ల కిందకు చేరతాయి.

కత్తి, పొయ్యి

పడిన వెంటనే పొట్ట చీల్చి లోపలివి తీసేయండి, సెప్టెంబరు ఎండలో రెండు గంటలకే వాసన వస్తుంది. అడవిలోనే రొమ్ము విడదీయాలంటే పిట్టను వెల్లకిలా పెట్టి, ఒళ్ళుకు ఆనించి రెండు రెక్కల మీద రెండు పాదాలు మోపి, కాళ్ళు రెండూ పట్టుకుని నిదానంగా పైకి లాగండి. రొమ్ము రెక్కలతో సహా నేల మీద మిగులుతుంది. ఒక్కసారిగా గుంజితే కాళ్ళు చేతికొస్తాయి, అంతే. ఈకలున్న ఒక రెక్కను గుర్తు కోసం వదలాలో లేదో మీ రాష్ట్ర నిబంధనలో చూసుకోండి. తొడలను పారేయకండి, పులుసుకు అవే రుచి.

కడిగేటప్పుడు గుండు దిగిన రంధ్రాలు వెతికి, వాటితో పాటు లోపలికి పోయిన ఈకలు, గుళ్ళు తీయాలి. సీసం గుండు పంటికి తగలడం కన్నా కడుపులోకి పోవడం చెడ్డది. రొమ్ము మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది, కోడిలా అరగంట ఉడికిస్తే చెక్కవుతుంది. లీటరు నీటిలో రెండు చెంచాల ఉప్పు కలిపి రెండు గంటలు నానబెట్టి, తుడిచి, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు పట్టించండి. వేడి నూనెలో ముక్కలను రెండు వైపులా రెండేసి నిమిషాలు వేయించి, కరివేపాకు, మిరియాల పొడి చల్లి మూత పెట్టి దించేయండి. నడుమ గులాబీ రంగు పోయిన వెంటనే, అంటే 74 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పొయ్యి ఆపాలి. తొడలను మాత్రం విడిగా చింతపండు పులుసులో గంటసేపు సన్నటి మంట మీద ఉంచండి.